సొంత చెరువు కట్టకి గండి పడకుండా చూసుకోవడం ఎలా

సొంత భూమిలో వాగుకు అడ్డంగా మట్టికట్ట వేసి నీళ్లు నిలుపుకున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. అంతకంటే ఎక్కువగా, అలాంటి చెరువు ఉన్న భూమి కొన్నవాళ్ల కోసం. కట్ట ఎవరు వేశారో, లోపల ఏ మట్టి ఉందో, తూము గొట్టం ఏనాటిదో తెలియకుండానే చెరువు చేతికొస్తుంది. నిండా నీళ్లు, కట్ట మీద పచ్చగా గడ్డి. మట్టికట్ట లోపల చెడుతున్నప్పుడు కూడా దూరం నుంచి ఇలాగే కనిపిస్తుంది. దగ్గరికి వెళ్లి వంగి చూస్తే తప్ప తెలియదు. ఎక్కడ వంగాలో, ఏం చూడాలో, ఏ పని మీరే చేసుకోవచ్చో, ఏది ఇంజనీరుకి వదిలేయాలో చెప్పడమే ఇక్కడ నా పని.

ముందు వాగు వెంట కిందికి నడవండి

కట్ట ఎక్కే ముందు ఒక లెక్క వేయండి. చెరువు నిండినప్పుడు నీళ్లు పరుచుకునే విస్తీర్ణాన్ని చదరపు మీటర్లలో, కట్ట దగ్గర లోతును మీటర్లలో తీసుకుని గుణించండి. వచ్చినదాన్ని మళ్లీ 0.4తో గుణిస్తే నిల్వ సుమారుగా తెలుస్తుంది. ఒక హెక్టారు విస్తీర్ణం, నాలుగు మీటర్ల లోతు ఉన్న చెరువులో 16,000 ఘనపు మీటర్లు, అంటే కోటీ అరవై లక్షల లీటర్లు ఉంటాయి. బరువులో చెబితే పదహారు వేల టన్నులు. గండి పడితే ఇంత నీరూ ఖాళీ కావడానికి గంట కూడా పట్టకపోవచ్చు.

ఈ అంకె మనసులో పెట్టుకుని కట్ట కింద నుంచి వాగు వెంట ఒక రెండు మూడు కిలోమీటర్లు నడవండి. ఇల్లు, పశువుల పాక, దారి దాటే కల్వర్టు, ఇంకొకరి చెరువు, ఏది ఎదురైనా రాసుకోండి. కింద మరో చెరువు ఉందంటే మీ గండితో దానికీ గండి పడే ప్రమాదం ఉంటుంది. అక్కడ ఉండేవాళ్ల ఫోన్ నంబర్లు ఆ రోజే తీసుకోండి. వాన పడే రాత్రి వెతుక్కునే పని కాదది.

చట్టం మాట క్లుప్తంగా. చాలా దేశాల్లో కట్ట ఎత్తు గానీ నిల్వ గానీ ఒక హద్దు దాటితే నమోదు, ఇంజనీరు తనిఖీ తప్పనిసరి. ఇంగ్లండ్‌లో ఆ హద్దు 25,000 ఘనపు మీటర్లు. మీ చోట ఎంతో కనుక్కోండి. హద్దుకి లోపలే ఉన్నా బాధ్యత మాత్రం తప్పదు. 1860లో లాంకషైర్‌లో ఒక మిల్లు యజమాని కొత్తగా కట్టించుకున్న చెరువు అడుగున ఎవరూ గుర్తుపట్టని పాత గని బావులున్నాయి. నీళ్లు వాటిగుండా పక్కవాళ్ల బొగ్గుగనిలోకి దిగిపోయాయి. పని చేయించింది తెలిసినవాళ్ల చేతే, ఆయన స్వయంగా చేసిన అజాగ్రత్త ఏమీ లేదు. అయినా నష్టం ఆయనే కట్టాలని 1868లో హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చింది. న్యాయశాస్త్రం చదివేవాళ్లు రైలాండ్స్, ఫ్లెచర్ కేసు అంటూ ఇప్పటికీ చదివేది ఈ చెరువు గొడవనే.

అలుగు జోలికి వెళ్లకండి

పెద్ద మట్టికట్టలు తెగిన సందర్భాలు లెక్క తీస్తే దాదాపు సగం నీళ్లు కట్ట మీద నుంచి పొర్లడం వల్ల, దాదాపు సగం లోపల మట్టి కోసుకుపోవడం వల్ల. మిగతా కారణాలు చాలా కొద్ది. మీదుగా పొర్లకుండా కాపాడేది అలుగు ఒక్కటే. కొందరు కళింగ అంటారు, కొందరు మత్తడి అంటారు. పేరేదైనా పని ఒకటే: ఎక్కువైన నీటిని కట్టను తాకనివ్వకుండా పక్క నుంచి కిందికి దించడం. అందుకే మంచి అలుగు కట్ట మీద ఉండదు. కట్ట చివర, ఎన్నడూ కదపని గట్టి నేలలో తవ్వి ఉంటుంది.

మీ అలుగు వెడల్పు చాలుతుందో లేదో చూడటానికి ఒక మోటు లెక్క ఉంది. చెరువులోకి నీళ్లు దిగే పరీవాహక ప్రాంతం హెక్టార్లలో, భారీ వాన గంటకు ఎన్ని మిల్లీమీటర్ల జోరుతో పడుతుందో ఆ అంకె, పడిన వానలో పారే భాగం, ఈ మూడూ గుణించి 360తో భాగిస్తే సెకనుకు ఎన్ని ఘనపు మీటర్ల వరద వస్తుందో తెలుస్తుంది. ఇరవై హెక్టార్లు, గంటకు 60 మిల్లీమీటర్లు, అందులో సగం పారుతుందనుకుంటే సుమారు 1.7 ఘనపు మీటర్లు. ఇక అలుగు వైపు చూద్దాం. అలుగు మీద 30 సెంటీమీటర్ల మందాన నీళ్లు పారుతుంటే ప్రతి మీటరు వెడల్పుకి సెకనుకు దాదాపు 280 లీటర్లు పోతాయి. అంటే ఈ వరదకి ఆరు మీటర్ల వెడల్పు కావాలి. మీ అలుగు రెండు మీటర్లే ఉంటే ఇక నిద్రపోకుండా ఇంజనీరుని పిలవండి. ఆరు ఉన్నా ధీమా పడకండి. వారం రోజుల ముసురులో నేల నానిపోయాక సగం కాదు, ఇంకా ఎక్కువే పారుతుంది. యాభై ఏళ్లకో వందేళ్లకో ఒకసారి పడే వాన జోరు మీ వాతావరణ శాఖ లెక్కల్లో దొరుకుతుంది, గుణించాల్సింది దాన్ని.

మందం తగ్గితే పారుదల అంతకన్నా ఎక్కువగా పడిపోతుందని గుర్తుంచుకోండి. 30 సెంటీమీటర్ల మందాన 280 లీటర్లు పోయే చోట 15 సెంటీమీటర్లకి 140 పోవు. వంద లీటర్లే పోతాయి.

ఇది నాకు పుస్తకంలో తెలియలేదు. ఒక ఏడాది ఎండాకాలానికి ఇంకాస్త నీరు మిగులుతుందని అలుగుకి అడ్డంగా రెండు చెక్కలు నిలబెట్టాను. జానెడు కన్నా తక్కువ ఎత్తే. రెండు నెలలు సంతోషంగా గడిచాయి. తర్వాత ఒక రాత్రి వాన ఆగలేదు. టార్చి వేసుకుని వెళ్లేసరికి నీళ్లు కట్ట అంచుకి బెత్తెడు దూరంలో ఉన్నాయి. చెక్కలు నీటి తోపుడుకి బిగుసుకుపోయి చేతికి రాలేదు. గునపంతో ఒకటి విరగ్గొట్టి లాగితే గానీ మట్టం దిగడం మొదలవలేదు. అప్పటినుంచి నా చెరువులో అలుగు ఎత్తు అంటే దేవుడి గట్టు లెక్క, ముట్టుకోను.

చేపలు పోతున్నాయని వల కట్టడం ఇంతకంటే ప్రమాదం. వలకి చెత్త, కొమ్మలు, గుర్రపుడెక్క పట్టుకుని గంటలో గోడలా తయారవుతుంది. 1889 మే 31న అమెరికాలోని పెన్సిల్వేనియాలో సౌత్ ఫోర్క్ కట్ట తెగి జాన్స్‌టౌన్ పట్టణం కొట్టుకుపోయింది, 2,209 మంది చనిపోయారు. అది మనలాంటి వాళ్ల చిన్న చెరువు కాదు గానీ, సొంతదార్లు ప్రైవేటు వాళ్లే, ఒక విహార క్లబ్బు. చేపలు పోకుండా అలుగుకి జాలీలు పెట్టారు. బండ్లు తిరగడానికి కట్ట పైభాగం చెక్కి ఎత్తు తగ్గించారు. అడుగున నీళ్లు వదిలే గొట్టాలను అంతకుముందే ఎవరో పీకేస్తే మళ్లీ వేయలేదు. ఈ మూడు పనుల్లో ఏ ఒక్కటైనా మీ చెరువులో జరిగి ఉందేమో చూసుకోండి. చిన్న చెరువుల దగ్గర నేను ఎక్కువగా చూసేవి కూడా ఇవే.

వానాకాలానికి ముందు అలుగులో మొలిచిన పొదలు కొట్టేయండి. గడ్డి ఉండనివ్వండి, పొట్టిగా. నీళ్లు అలుగు దాటి వాగులో పడే చోట నేల మెట్టులా తెగిందంటే ఆ తెగుడు ఏటా వెనక్కి, చెరువు వైపు నడుస్తూ వస్తుంది. అది చిన్నగా ఉన్నప్పుడే రాళ్లు పేర్చి ఆపాలి.

కట్ట ఎత్తు కంటితో తేల్చకండి

అలుగు అడుగు నుంచి కట్ట పైదాకా ఉండే ఎత్తే మీ రక్షణ. చిన్న కట్టలకి మీటరు ఉండేలా చూసుకుంటే మంచిది. అయితే మట్టి ఏళ్ల తరబడి కుంగుతుంది. ఎక్కువగా కుంగేది కట్ట నడిమధ్యలో, వాగు మీద, అంటే ఎత్తు ఎక్కువగా ఉన్నచోట. దానికి తోడు ట్రాక్టరు నడిచిన గాడి ఒకటి. నీళ్లు పొర్లేది కట్ట సగటు ఎత్తు మీదుగా కాదు, అన్నింటికన్నా పల్లంగా ఉన్న ఒక్కచోటు మీదుగా. ఆ చోటు కంటికి ఆనదు.

మేస్త్రీలు వాడే లెవెల్ పైపు తెచ్చుకోండి. పారదర్శకమైన గొట్టంలో గాలి బుడగ లేకుండా నీళ్లు నింపి, ఒక కొసను అలుగు దగ్గర పాతిన మేకుకి కట్టి, రెండో కొసతో కట్ట పొడుగునా పది మీటర్లకొకసారి ఆగి మట్టం కొలవండి. ఇద్దరు మనుషులు, ఒక పూట పని. దొరికిన పల్లాలను పూడ్చేటప్పుడు కట్ట పైభాగాన్ని చెరువు వైపుకి కాస్త వాలుగా ఉంచితే వాన నీళ్లు బయటి వాలు మీద కాలువలు కోయకుండా చెరువులోకే దిగుతాయి.

కట్ట చుట్టూ నడక

మామూలు రోజుల్లో వారానికొకసారి, చెరువు నిండుగా ఉంటే రోజూ, భారీ వాన పడ్డాక వెంటనే నడవండి. ఎప్పుడూ ఒకే దారిలో నడవండి: పైన ఒక చివర నుంచి మరో చివరకి, తిరుగు దారిలో బయటి వాలు మధ్యగా, మళ్లీ కట్ట పాదం వెంట. పాదం దగ్గరి నడక అన్నింటికన్నా ముఖ్యం, జనం ఎగ్గొట్టేదీ అదే, అక్కడ బురద ఉంటుంది కాబట్టి. ఒక నోటు పుస్తకంలో తేదీ, నీటి మట్టం, చూసింది రాయండి. ఫోన్‌లో ఫోటో తీస్తే ప్రతిసారీ ఒకే చోట నిలబడి తీయండి. చెమ్మ మరక పెరిగిందో లేదో జ్ఞాపకం మీద తేల్చలేం.

ఊట

మట్టికట్టలో నీళ్లు ఊరడం తప్పు కాదు. ఎంత బాగా వేసిన కట్ట అయినా కాస్త ఊరుతుంది. చూడాల్సింది మూడు: ఎక్కడ వస్తోంది, ఎంత వస్తోంది, ఏం తెస్తోంది.

ఎండాకాలంలో కట్ట అంతా ఎండిపోయి ఒక్కచోట మాత్రం తుంగ మొలిచి పచ్చగా ఉంటే, ఊట అక్కడ ఉందన్నమాట. కాలు పెడితే నేల మెత్తగా దిగుతుంది. పాదం దగ్గర అయితే గమనిస్తూ ఉండండి. బయటి వాలు మధ్యలో, పాదానికి బాగా పైన చెమ్మ కనిపిస్తే మాత్రం ఇంజనీరుకి చూపించాల్సిందే. కట్ట లోపల నీటి మట్టం ఉండాల్సిన దానికన్నా పైకి వచ్చిందని దాని అర్థం. నానిన వాలు జారుతుంది.

ఊట నీళ్లను తెల్ల గాజు గ్లాసులో పట్టండి. వెలుతురుకి ఎదురుగా పట్టి చూడండి, తర్వాత కిటికీ మీద కదపకుండా ఒక రాత్రి ఉంచండి. పొద్దున్నకి అడుగున సన్నటి మట్టి పొర, గోటితో గీస్తే గీత పడేంత ఉన్నా సరే, కట్ట లోపలి మట్టి బయటికి వస్తోందని లెక్క. వచ్చిన మట్టి ఉన్న చోట ఇప్పుడు ఖాళీ ఉంది. ఆ ఖాళీ బయటి నుంచి చెరువు వైపుకి సన్నని బొరియలా పెరుగుతూ పోతుంది, చెరువుని అందుకున్న రోజు బుంగ పడుతుంది. గ్లాసు తేటగా ఉంటే ప్రమాదం అంత దగ్గర్లో లేదు. తేట నీరు హఠాత్తుగా పెరిగినా, హఠాత్తుగా ఆగిపోయినా నమ్మకండి. ఆగిందంటే లోపల మట్టి కూలి దారి మూసుకుపోయి ఉండొచ్చు. నీరు ఇంకో దారి వెతుక్కుంటుంది.

ఈ పని ఎంత వేగంగా నడుస్తుందో చెప్పడానికి అమెరికాలోని టీటన్ డ్యామ్ ఉంది. 93 మీటర్ల ఎత్తు, మొదటిసారి నింపుతున్నారు. 1976 జూన్ 5న పొద్దున బురద నీరు రావడం గమనించారు, మధ్యాహ్నం పన్నెండు కాకముందే కట్ట తెగింది. కొత్త కట్టను గానీ, బాగుచేసిన కట్టను గానీ మొదటిసారి నింపేటప్పుడు మెల్లగా, మధ్యలో ఆగి చూస్తూ నింపమనేది ఇందుకే.

ఎంత వస్తోందో కొలవడానికి ఊట అంతా ఒక చిన్న కాలువలో కలిసేలా చేసి, కొస దగ్గర బకెట్టు పెట్టి ఎన్ని సెకన్లలో నిండుతుందో చూడండి. ఇంకా సుళువు కావాలంటే ఒక రేకులో 90 డిగ్రీల కోణంతో వి ఆకారపు గాటు కోసి కాలువకి అడ్డంగా నిలబెట్టండి. గాటు కొన నుంచి ఐదు సెంటీమీటర్ల ఎత్తున నీళ్లు పారుతుంటే సెకనుకు సుమారు 0.8 లీటరు, పది సెంటీమీటర్లయితే 4.4 లీటర్లు. ఎత్తును గాటు నోట్లో కాకుండా రేకుకి కాస్త వెనక, నీళ్లు ఇంకా వంగకముందు కొలవాలి. పుస్తకంలో ఈ అంకె పక్కనే చెరువు మట్టం రాయండి. మట్టంతో పాటు ఊట పెరగడం సహజం. మట్టం కదలకుండా ఊట పెరిగితే అది కబురు.

చెరువు త్వరగా ఇంకిపోతోందని అనుమానమా? వాన లేని వారంలో ఒక వెడల్పాటి తొట్టిని ఒడ్డు దగ్గర తక్కువ లోతులో అంచు పైకి ఉండేలా నిలబెట్టి, లోపలా బయటా నీళ్లు ఒకే మట్టానికి పోసి గుర్తు పెట్టండి. ఎనిమిది రోజుల తర్వాత తొట్టిలో ఐదు సెంటీమీటర్లు, చెరువులో తొమ్మిది తగ్గాయనుకుందాం. ఆ ఐదూ ఎండకి ఆవిరైనవి. మిగతా నాలుగు ఎటో పోయినవి. హెక్టారు చెరువులో నాలుగు సెంటీమీటర్లంటే 400 ఘనపు మీటర్లు, సెకనుకు 0.6 లీటరుకి కాస్త తక్కువ. మీ రేకు దగ్గర అందులో సగమే కనిపిస్తే మిగతా సగం కట్ట కింద నుంచో అడుగు నుంచో పోతోంది, ఇంకా కిందికి వెళ్లి వెతకాలి. ఆ వారం తూము మూసి ఉంచాలని, మోటారు వేయకూడదని వేరే చెప్పనక్కర్లేదు కదా.

పగుళ్లు

ఎండకి నెర్రెలు విచ్చితే అన్నీ ఒకటి కావు. పైపైన వల అల్లినట్టు ఉండే సన్న నెర్రెలు వానకి మూసుకుంటాయి. కట్ట పొడుగునా సాగి, కొసలు విల్లులా కిందికి వంగి, దాని కింద వాలు ఉబ్బినట్టు ఉంటే అది జారడానికి సిద్ధమవుతున్న వాలు. కట్టకి అడ్డంగా, చెరువు వైపు నుంచి బయటి వైపుకి పోయే పగులు అన్నింటికన్నా చెడ్డది. నీళ్లు ఆ ఎత్తుకి వచ్చిన రోజు దానికి తయారుగా దారి ఉన్నట్టే.

పగులుకి అటూ ఇటూ మేకులు కొట్టి మధ్య దూరం కొలిచి రాసుకోండి. గునపం ఎంత లోతు దిగుతుందో చూడండి. లోతు తక్కువైతే పగులు అంతమయ్యేదాకా తవ్వి బంకమట్టి పొరలు పొరలుగా వేసి దిమ్మిస చేయండి. అందులో సిమెంటు పోయకండి. సిమెంటు వంగదు, మట్టి వంగుతుంది. రెండిటి మధ్యా మళ్లీ సందు వస్తుంది.

చెట్లు, జంతువులు

చెట్టు ఉంటే కట్ట గట్టిగా ఉంటుందని చాలామంది నమ్మకం. చెట్టు బతికి ఉన్నంతకాలం గాలికి ఊగి మట్టిని వదులు చేస్తుంది, పడిపోతే వేళ్లతో పాటు బండెడు మట్టిని పెకలించుకుపోతుంది, చస్తే వేళ్లు కుళ్లి లోపల గొట్టాలు మిగులుతాయి. మొక్కగా ఉన్నప్పుడే పీకేయండి. కట్ట పాదం నుంచి ఎనిమిది పది మీటర్ల దాకా ఇదే నియమం. ఇప్పటికే పెద్ద మాను ఉంటే మాత్రం తొందరపడి పెకలించకండి. ఆ గుంతను సరిగ్గా పూడ్చడం ఒక పని, నీటి మట్టం దించి, తెలిసినవాళ్లను పక్కన పెట్టుకుని చేయాల్సింది. కట్టకి కావాల్సింది గరిక లాంటి నేలను పట్టుకునే గడ్డి. దాన్ని పొట్టిగా కోసి ఉంచితేనే కలుగులు, ఊటలు కంటికి కనిపిస్తాయి.

పందికొక్కులు, ఎలుకలు, పీతలు, ముళ్లపందులు తవ్విన కలుగులను పైన మట్టి కప్పి వదిలేయకూడదు. కలుగు కొస దాకా తవ్వి, తడిపి, కూరి పూడ్చాలి. పశువులు ఒకే చోట దిగి నీళ్లు తాగితే లోపలి వాలు మీద బాట పడి అదే కాలువ అవుతుంది. కంచె వేసి, నీళ్లు తూము ద్వారా కింద తొట్టికి ఇవ్వండి. లోపలి వాలుకి అలల దెబ్బ తగిలే ఎత్తులో కంకర పరిచి దానిమీద రాళ్లు పేర్చాలి. కంకర లేకుండా రాళ్లు వేస్తే సందుల్లోంచి మట్టి కడుక్కుపోయి రాళ్లు దిగిపోతాయి.

తూము

కట్టలో బలహీనమైన చోటు గొట్టం చుట్టూ ఉండే మట్టి. గొట్టం కింది వైపు గుండ్రటి వంపు కింద మట్టి సరిగ్గా కూరడం కష్టం, నీళ్లు ఆ సందు పట్టుకుంటాయి. గొట్టం బయటికి వచ్చే నోటి దగ్గర, గొట్టం లోపలి నుంచి కాకుండా దాని పక్క నుంచి నీళ్లు వస్తున్నాయేమో ప్రతి నడకలో చూడండి. వస్తుంటే బంకమట్టితో, సిమెంటుతో బయటి నుంచి మూయకండి. లోపలి పీడనం పెరిగి ఇంకో చోట పగులుతుంది. ఇనప గొట్టమైతే తుప్పు పట్టి చిల్లు పడుతుంది. కట్ట మీద గొట్టం పోయే వరసలో చిన్న గుంత పడిందంటే మట్టి గొట్టంలోకి కారుతోందని అనుమానించండి.

తూము తలుపు ఏడాదికి రెండుసార్లయినా పూర్తిగా తెరిచి మూయండి. అవసరపడిన రోజునే మొదటిసారి తిప్పితే చక్రం చేతిలోకి వస్తుంది. మామూలు రోజుల్లో చెరువు ఖాళీ చేసేటప్పుడు రోజుకి 30 సెంటీమీటర్లకి మించి దించకండి. నానిన లోపలి వాలుకి ఎదురుగా నీటి ఆసరా ఒక్కసారిగా పోతే అది చెరువులోకి జారుతుంది.

మట్టితో మరమ్మతు

ముందు మట్టిని పరీక్షించండి. ఎండిన మట్టిపెళ్ల, శనగగింజంత, పట్టి ఉంచిన వాన నీళ్ల గ్లాసులో మెల్లగా వదలండి. కదపకండి. పెళ్ల విడిపోయి కుప్పగా పడితే పరవాలేదు. చుట్టూ పాలు కలిపినట్టు తెల్లటి మబ్బు లేచి గంటయినా దిగకపోతే ఆ మట్టి నీటిలో కరిగే రకం. చేతికి ఎంత జిగటగా తగిలినా సరే, కట్టకి పనికిరాదు. బోరు నీళ్లతో ఈ పరీక్ష చేస్తే అందులోని ఉప్పులు మబ్బుని లేవనివ్వవు, మోసపోతారు.

తడి ఎంత ఉండాలో చెయ్యి చెబుతుంది. గుప్పెడు మట్టి పిండి ఉండ చేసి నడుము ఎత్తు నుంచి గట్టి నేల మీద వదలండి. పొడి అయిపోతే నీళ్లు చాలలేదు, పేడ ముద్దలా అణిగితే ఎక్కువైంది, నాలుగైదు ముక్కలైతే సరిపోయింది. పాత వాలు మీద గడ్డి, పైమట్టి గీకేసి, మెట్లలా కోసి, అప్పుడు 15 సెంటీమీటర్ల పొర వేసి రోలరుతో గానీ దిమ్మిసతో గానీ తొక్కించి రెండో పొర వేయండి. ట్రాక్టరు మట్టి కుమ్మరించి చదును చేసి వెళ్లిపోతే అది మరమ్మతు కాదు, మొదటి వానకి జారిపోయే కుప్ప. మట్టిని కట్ట పాదం దగ్గర తవ్వకండి, ఎంత దగ్గరగా దొరికినా.

ఆ రాత్రి వస్తే

బురద నీరు వస్తున్నా, వాలు జారుతున్నా, నీళ్లు కట్ట అంచుకి చేరుతున్నా ఈ వరసలో చేయండి.

1. కింద ఉన్నవాళ్లకి ఫోన్ చేయండి. తర్వాత అధికారులకి. తర్వాతే మిగతా పనులు. ఊరికే భయపెట్టామేమో అనే మొహమాటం వద్దు.

2. తూము పూర్తిగా తెరవండి. ఇప్పుడు రోజుకి 30 సెంటీమీటర్ల నియమం చూడక్కర్లేదు. తూము బిగుసుకుపోతే సైఫన్ పెట్టండి: గొట్టం నిండా నీళ్లు పోసి రెండు కొసలూ మూసి కట్ట మీదుగా వేసి, బయటి కొస చెరువు మట్టం కన్నా కిందికి ఉండేలా చూసుకుని తెరవాలి. చెరువు మట్టం నుంచి గొట్టం అత్యంత ఎత్తైన చోటు దాకా ఐదు మీటర్లకి మించితే ఇది నమ్మదగ్గ పని కాదు.

3. నీళ్లు పైకి వస్తుంటే అలుగుని గట్టి నేల వైపు వెడల్పు చేయండి. కట్టను ఎక్కడా కోయకండి. వేలెడంత కోసిన చోటే గండి అవుతుంది.

4. కట్ట పాదం దగ్గర నీళ్లు బుడబుడా పొంగుతూ చుట్టూ ఇసుక పుట్టలా పోస్తుంటే, దాని చుట్టూ ఇసుక బస్తాలు గుండ్రంగా పేర్చి లోపల నీటి మట్టం పెరగనివ్వండి. తేట నీరు వచ్చేదాకా పెంచి అక్కడ ఆపండి. పూర్తిగా మూయాలని చూడకండి.

5. బయటి వాలు నుంచి మట్టి వస్తుంటే దానిమీద ముందు ముతక ఇసుక, ఆపైన కంకర, ఆపైన రాళ్లు వేయండి. నీళ్లు పోవాలి, మట్టి ఆగాలి. వరస తిరగేసి ముందు రాళ్లు వేస్తే మట్టి సందుల్లోంచి పోతూనే ఉంటుంది.

6. చెరువులో కట్ట దగ్గర సుడి తిరుగుతుంటే అక్కడే బుంగ నోరు. ఒడ్డు నుంచే ఇసుక బస్తాలు, గడ్డి మోపులు, టార్పాలిన్ అందులోకి వదలండి. ఎవరూ నీళ్లలోకి దిగకూడదు, ఎంత ఈత వచ్చినా.

7. నీళ్లు కట్ట మీదుగా పొర్లడం మొదలైతే, లేదా వాలు కళ్ల ముందే కూలుతుంటే, అందరూ కట్ట దిగి పక్క గట్టు మీదికి వెళ్లిపోండి. కట్టను వదిలేయండి.

ఇందులో ఏది చేయాలన్నా సామాను ముందే ఉండాలి. వానలకి ముందు ఒక ట్రాక్టరు ముతక ఇసుక, ఒక ట్రాక్టరు కంకర, వంద ఖాళీ సంచులు, రెండు పారలు, గునపం, తాడు, టార్పాలిన్ సిద్ధం చేయండి. కట్ట మీద కాదు, కట్ట చివర బండి రాగలిగే గట్టి నేల మీద పెట్టండి. నా చెరువు దగ్గర ఇవి ఒక రేకుల షెడ్డులో ఉన్నాయి. తాళంచెవి మాత్రం ఇంట్లో కాదు, అక్కడే గుంజకి కొట్టిన డబ్బాలో.